వెనక నుంచి పిలవకూడదు

మా ఇంట్లో పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా 'జాగ్రత్త' అనే మాట ఎవరూ అనకూడదు. తొమ్మిది దాటాక ఎన్నిసార్లయినా అనుకోవచ్చు. పొయ్యి జాగ్రత్త, కుక్క జాగ్రత్త, పిల్ల జాగ్రత్త. మా ఆయన తాటిచెట్లు ఎక్కి, కల్లు గీసి, దిగి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునే దాకా మాత్రం ఆ మాటకు మా వాకిట్లో చోటు లేదు. ముప్ఫై ఏళ్ళు ఇలాగే గడిచాయి. నవ్వేవాళ్ళు నవ్వండి, నేనూ మొదట్లో నవ్విందాన్నే.

నేను పుట్టింది బోనకల్ వైపు. మా నాన్న మిరప చేలల్లో పని చేసేవాడు. ఆయన పనిలో పెద్ద ప్రమాదం అంటే కారం చేత్తో కన్ను నులుముకోవడం. అలాంటి ఇంటి నుంచి అశ్వారావుపేట అవతల, అడవి మొదలయ్యే చోట ఉన్న ఈ ఊరికి కోడలిగా వచ్చాను. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యానన్న పొగరు ఉండేది నాకు. ఇప్పుడు అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు నేర్పిస్తున్నాను. ఆ పొగరు ఇంకా కొంచెం మిగిలే ఉందని మా ఆయన అంటాడు.

అప్పట్లో ఇంట్లో మేం ముగ్గురమే. మా ఆయన, మా అత్త, నేను. మా మామను నేను చూడలేదు. మా ఆయనకు తొమ్మిదేళ్ళప్పుడే తాటిచెట్టు మీద నుంచి పడి చనిపోయాడు. ఆ సంగతి పెళ్ళిచూపుల్లోనే చెప్పారు, దాచలేదు. తండ్రిని తీసుకుపోయిన చెట్టే కొడుక్కి అన్నం పెడుతోందని మా అమ్మ రెండు రోజులు ఏడ్చింది. నేను మాత్రం పిల్లవాడి భుజాలు చూసి ఒప్పుకున్నాను. ఇందులో సిగ్గుపడేదేముంది, చెట్లెక్కేవాళ్ళ భుజాలు అలాగే ఉంటాయి.

కాపురానికొచ్చిన మొదటి పొద్దున ఆయన బయలుదేరాడు. భుజాన మోకు, నడుముకు కత్తి, చేతిలో కల్లు పట్టే లొట్టి. మోకు అంటే బొటనవేలికి రెండింతలు లావున్న నారతాడు. చెట్టును, మనిషి నడుమును కలిపి చుట్టేది అదే. కాళ్ళకు ఇంకో చిన్న తాడు బంధం ఉంటుంది. అంతే, ఇంకేమీ ఉండదు. చెట్టు పైకి వెళ్ళాక రెండు చేతులతో గెల గీయాలి కాబట్టి ఒళ్ళంతా ఆ మోకు మీదే వెనక్కి వాల్చేస్తారు. మూడంతస్తుల ఎత్తున ఒక తాడుకు ఆనుకుని పని చేసుకునే మనిషి గడప దాటుతుంటే కొత్త పెళ్ళాం ఏమంటుంది? "జాగ్రత్తయ్యో!" అని అరిచాను.

మా అత్త ఎక్కడి నుంచి వచ్చిందో, వచ్చి నా నోరు మూసేసింది. చెయ్యంతా పేడ వాసన. ఆయన అక్కడే ఆగి, వెనక్కి వచ్చి, అరుగు మీద కూర్చుని, నీళ్ళు అడిగి తాగి, కాసేపు ఊరికే కూర్చుని మళ్ళీ బయలుదేరాడు. మా అత్త అంది.

"పిల్లా, చెట్టెక్కేటోనికి గట్ల చెప్పొద్దు. జాగర్త అంటే ఏంది? పడటం యాదికి తెచ్చినట్టే. ఇంకోటి ఇను, గడప దాటినంక ఎనక నుంచి అసలే పిలవొద్దు. కొంప అంటుకున్నా పిలవొద్దు."

"కొంప అంటుకుంటే ఎవరితోని చెప్పాలత్తా?"

"నీళ్ళు పోసి ఆర్పుకో."

ఇంతటితో అయిపోలేదు. ఆ ఇంట్లో 'పడింది' అనే మాట కూడా లేదని నెల తిరగక ముందే తెలిసింది. వాన పడదు, వస్తుంది. గిన్నె చేతిలోంచి పడదు, జారుతుంది. "మరి పడుకోవడాన్ని ఏమనాలత్తా?" అని అడిగాను ఒకరోజు. మా అత్త కాసేపు ఆలోచించి "ఒరుగు" అంది. నవ్వలేక చచ్చాను. ఇప్పటికీ మా ఆయన్ని విసిగించాలంటే "ఇక ఒరుగుతావా?" అంటాను.

ఆ రోజులు తలచుకుంటే మొదట గుర్తొచ్చేది వాసన. తెల్లారగట్ల దింపిన తియ్యకల్లు, ఇంటి వెనక ఎండేసిన ఇప్పపూలు, తడిసిన తాటాకు. పొలం గట్ల వెంబడి మా ఊరికి దక్షిణాన తాటిచెట్లు బారుగా నిలబడి ఉండేవి. ఇప్పుడు అటు చూస్తే అంతా పామాయిల్ తోటలే, కల్లు రాని తాటిచెట్లు. గూడెం నుంచి కోయ ఆడవాళ్ళు ఇప్పపూలో, చీపుర్లో తెచ్చి మా అత్తకిచ్చి కల్లు తాగి, వాకిట్లో కూర్చుని కబుర్లు చెప్పేవాళ్ళు. వాళ్ళ మగవాళ్ళు కల్లిచ్చే జీలుగు చెట్లకు వెదురుబొంగు కట్టి, కణుపుల మీద కాలు పెట్టి ఎక్కుతారు. మోకు లేకుండా ఎలా ఎక్కుతారని మా ఆయన వాళ్ళను చూసి భయపడేవాడు. తాడును నమ్ముకుని ఎలా వేలాడతారని వాళ్ళు మా ఆయన్ని చూసి భయపడేవాళ్ళు. ఎవరి చెట్టు వాళ్ళకు అలవాటు.

ఎండాకాలం ముంజల కాలం. కొట్టిన గెల వాకిట్లో పెట్టుకుని బొటనవేలితో ముంజలు తీసి తింటుంటే నీళ్ళు మోచేతుల దాకా కారేవి. మా అత్త లేత ముంజలన్నీ ఏరి నా ముందుకు తోసేది. ముఖం మాత్రం ముడుచుకునే ఉండేది. ఆవిడ ప్రేమంతా చేతుల్లో ఉండేది, నోట్లో వెతికితే దొరికేది కాదు.

మా ఆయన రోజూ పొద్దున మోకును ఒళ్ళో వేసుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా రెండు అరచేతుల మధ్య లాగేవాడు. అలా లాగుతూ చూపు మాత్రం ఎటో పెట్టేవాడు. "చూడకుండా ఏం చూస్తున్నావయ్యా?" అని అడిగితే, "కంటితోని చూస్తే తాడు అబద్ధం చెప్తది. చేతికైతే నిజం చెప్తది," అన్నాడు. నార ఎక్కడ పలచబడినా, పోగు ఎక్కడ లేచినా అరచేతికి తగులుతుందట. ఆ మోకును వేరే ఎవరూ ముట్టుకోకూడదు. దాటకూడదు. ముఖ్యంగా నేను.

పెళ్ళయిన మూడో ఏడు, నాకు ఐదో నెల. ఆయన కత్తి నూరుతూ కుడి అరచెయ్యి కోసుకున్నాడు. అశ్వారావుపేట దవాఖానాలో కుట్లు వేసి లావుగా కట్టు కట్టారు. నాలుగు రోజులు ఎక్కవద్దన్నారు. రెండో రోజుకే, గీయకపోతే గెల ఎండిపోతుందని మోకు తీశాడు. కట్టు ఉన్న చేత్తోనే దాన్ని అలవాటుగా లాగాడు, లేచాడు. గుడ్డ చుట్టిన చేతికి ఏం తగులుతుంది? ఆయనకు తట్టలేదు. మాకెవరికీ తట్టలేదు.

గడప దాటాడు. వాకిట్లో నాలుగడుగులు వేశాడు. వెనక నుంచి చూస్తున్నాను. భుజం మీద నుంచి వేలాడుతున్న మోకులో ఒకచోట నార పోగులు పోగులుగా లేచి ఉంది. ఎలుక కొరికింది. కల్లు తియ్యదనం పట్టిన తాడు కదా, చూరులో వేలాడదీస్తే ఎలుక ఊరుకుంటుందా?

నోరు తెరిచాను. మాట రాలేదు. మా అత్త అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆమె చెయ్యి నా నోటి మీదకు రాలేదు, కానీ వచ్చినట్టే ఉంది. కడుపులో బిడ్డ. వెనక నుంచి పిలిచి, ఆయనకేమన్నా అయితే? ఫస్టు క్లాసు పాసైన నా తెలివి ఆ రోజు ఏం చేసిందో చెప్తే మీరు నమ్మరు. వెనక నుంచి పిలిస్తే కదా కీడు, ఎదురెళ్తే శుభం కదా అనుకుంది. ముత్తైదువ నీళ్ళబిందెతో ఎదురొస్తే అంతకంటే మంచి శకునం ఏముంటుంది? బిందె ఎత్తుకుని పెరటి దారిన పడ్డాను. ఊరి చివర మలుపు దగ్గర ఆయనకు ఎదురై, నవ్వుతూ చెప్దామని. బిందె ఖాళీగా ఉంటే అపశకునం కాబట్టి బోరింగు దగ్గర ఆగి నింపుకున్నాను కూడా! ఆ పంపు నీళ్ళు ఎంత సన్నగా వచ్చాయో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. బుద్ధి గడ్డి తిందంటే ఇదే.

మలుపు దగ్గర ఎంతసేపు నిలబడ్డా ఆయన రాలేదు. ఆలస్యమైందని మొక్కజొన్న చేలో పడి అడ్డంగా పోయాడట. గట్టు మీదకు వచ్చేసరికి మొదటి చెట్టు మీద సగం ఎత్తున ఉన్నాడు.

బిందె కింద పెట్టాను. మోకును కొంచెం పైకి విసురుతాడు, కాళ్ళతో చెట్టును కరుస్తాడు, లేస్తాడు. మళ్ళీ విసురుతాడు. కొరికిన చోటు ఆయన ఎడమ నడుము పక్కన ఉంది. ప్రతి విసురుకూ అది బిగిసి వదులవుతోంది. చెట్టు మీదున్న మనిషిని కింద నుంచి పిలవడం అంతకంటే పెద్ద తప్పు. ఉలిక్కిపడితే చెయ్యి వదిలేస్తాడు. పిలవకపోతే పైకెళ్ళి, కత్తి తీసి, దాని మీదే వెనక్కి వాలతాడు. నాకున్నదల్లా ఆయన పైకి చేరడానికి, వాలడానికి మధ్య ఉన్న కాస్త సేపే. ఏ దేవుడికి మొక్కానో కూడా గుర్తు లేదు.

చెయ్యి చాచి మట్ట పట్టుకున్నాడు. అప్పుడు అన్నాను. అరవలేదు. వంటింట్లోంచి ఉప్పు డబ్బా అడిగినట్టు అన్నాను.

"ఇదిగో, నిన్నే. ఆ మట్ట ఇడవకు."

ఆయన తల కిందకు తిప్పాడు. "ఏందే? అమ్మకేమైంది?"

"అమ్మకేం కాలే. రెండు చేతులతోని మట్ట పట్టుకో. పట్టుకున్నవా?"

"అవ్."

"ఎడమ దిక్కు మోకు చూడు. ఎలక కొరికింది."

చూశాడు. గాలికి తాటాకులు గలగలమంటున్నాయి. తర్వాత పైనుంచి చిన్నగా వినిపించింది, "రెండు పోగులే ఉన్నయే."

"దిగు."

"ఎట్లాగూ ఎక్కిన గదా, మట్ట పట్టుకునే ఒక్క గెల గీసి..."

"గీత లేదు, గోల లేదు. దిగుతవా, నన్ను రమ్మంటవా పైకి?"

దిగాడు. మోకు మీద బరువు వెయ్యకుండా చెట్టును కావలించుకుని జానెడు జానెడు జారుతూ దిగాడు. తాటిచెట్టు బెరడు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు తెలుసు. నేల మీద కాలు పెట్టేసరికి రొమ్మంతా చెక్కుకుపోయి నెత్తురు. నేను ఆ బిందెలో నీళ్ళు ఆయన మీద కుమ్మరించి, నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి, గట్టు మీద కూలబడి ఏడ్చాను. ఆయన నా పక్కన కూర్చుని, "బిందె నింపుకొని వచ్చినవా? గంత సేపు బోరింగు కాడ నిలబడ్డవా?" అని నవ్వబోయి తనే ఏడ్చేశాడు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాం. మా అత్త మోకును తీసుకుని కొరికిన చోట వేలు పెట్టి చూసింది. లోపలికి పోయింది. ఆ పూట అన్నం తినలేదు. చెట్టు మీదున్నవాణ్ణి పిలిచానని కోపమేమో అనుకున్నాను. నాకూ ఒళ్ళు మండింది. కొడుకు బతికొస్తే సంతోషించాల్సింది పోయి ఈ మూతిముడుపు ఏమిటని గిన్నెలన్నీ చప్పుడు చేస్తూ తోమాను.

పక్కరోజు పొద్దున మా అత్త కొత్త మోకు తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"నువ్వు తడుము. వాని చెయ్యి మానేదాక."

ఆయన చెయ్యి పది రోజుల్లో మానింది. మోకు మాత్రం నా ఒళ్ళోంచి ఎవరూ తీసుకోలేదు. ఆ ఏడు బిడ్డ పుట్టింది, తర్వాత ఇంకో బిడ్డ, చదువులు, పెళ్ళిళ్ళు. ఇన్నేళ్ళలో నేను ఊరెళ్ళిన రోజులు తప్ప ప్రతి పొద్దునా ఆ తాడు నా అరచేతుల్లోంచి పోయింది. మొదట్లో బొబ్బలు లేచేవి, తర్వాత చెయ్యే కాయ కాసింది. తడిమాక "అయింది, పో" అనేదాన్ని. ఆ మాట మాత్రం మా అత్త ఒప్పుకుంది. 'జాగ్రత్త' ఒప్పుకోలేదు. గడప దాటాక పిలవడమూ ఒప్పుకోలేదు. ఆ రోజు పిలిస్తేనే కదా నీ కొడుకు బతికాడని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చేది. అనేదాన్ని కూడా. ఆవిడ లేచి పెరట్లోకి పోయేది. మొండిది, మూఢనమ్మకాల ముసలిది అని బోనకల్ వెళ్ళినప్పుడల్లా మా అమ్మకు చెప్పుకునేదాన్ని.

ఈ మధ్య కల్లుగీత పనివాళ్ళకు సర్కారు కొత్త కిట్లు ఇచ్చింది. నడుముకు, తొడలకు పట్టీలు, ఇనుప కొక్కేలు, కాలు జారినా మనిషిని పట్టుకుని ఆపే తాడు. మండలంలో ఒకరోజు శిక్షణ. ఇంటికొకరు తోడు రావచ్చన్నారు, నేను వెళ్ళాను. మా ఆయన యాభై దాటిన మనిషి, బడికెళ్ళే పిల్లాడిలా సంచీ మోసుకుంటూ నిలబడ్డాడు. నేర్పించే అతను ఒక మాట చెప్పాడు. "ఎక్కేటాయన చూసుకున్నది చాలదు. కింద ఇంకొకరు నిలబడి ప్రతి కొక్కెం చూడాలె. తేడా కనిపిస్తే గట్టిగ చెప్పాలె. కింద మనిషి నోరు మూసుకుంటే ఎంత మంచి బెల్టయినా లాభం లేదు."

మగవాళ్ళంతా తలలూపారు. మా ఆయన నా వైపు చూసి "మా ఇంటామె చెప్తది సార్, బిందె నింపుకొని వచ్చి చెప్తది," అన్నాడు. అందరూ ఎందుకో తెలియకుండానే నవ్వారు. ఇంటికొచ్చేదాకా ఆయనతో మాట్లాడలేదు నేను.

సాయంత్రం ఆ కిట్టు తీసి మా అత్త మంచం మీద పెట్టాం. ఆవిడకు ఇప్పుడు ఎనభై ఉంటాయి, చూపు తగ్గింది, కాళ్ళు రావు. పట్టీలను, కొక్కేలను ఒక్కొక్కటే తడిమి చూసింది. మా ఆయన దుకాణానికి వెళ్ళాడు. నేను శిక్షణలో చెప్పిందంతా చెప్పాను, కింద మనిషి నోరు మూసుకోకూడదన్న మాటతో సహా. కొంచెం కావాలనే నొక్కి చెప్పాను, దాచుకోను.

మా అత్త కొక్కెం చేతిలో పట్టుకునే అంది.

"మీ మామ పోయిన రోజు నేను గడప కాడ్నే ఉన్న. మోకు ముడి ఒదులై ఉన్నది. నాకు కనపడ్డది."

నాకు మొదట అర్థం కాలేదు.

"గడప దాటిండు. పిలుద్దామని నోరు తెరిసిన. మా అత్త చూస్తాంది. పిలవలే. సూసుకుంటడులే అనుకున్న."

ఎవరికీ చెప్పలేదట. కొడుక్కి కూడా. నలభై ఏళ్ళ పైమాట. వెనక నుంచి పిలవకూడదు, పిలిస్తే కీడు అని మాకు చెప్తూ వచ్చిందంతా మా కోసం కాదు. పిలిస్తే నిజంగానే కీడయితే, ఆ రోజు తాను చేసింది తప్పు కాదు. పిలవడంలో కీడేమీ లేకపోతే, ఒక్క కేకతో బతికేవాడు ఆయన. నేను గట్టు మీద నుంచి కొడుకును బతికించి తెచ్చిన రోజు ఆవిడ అన్నం ఎందుకు తినలేదో అప్పటికి గానీ తెలియలేదు నాకు. పైగా ఇన్నేళ్ళూ దాన్నే పదేపదే ఎత్తి పొడిచాను. నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. కొక్కెం మా ఇద్దరి చేతుల మధ్యే ఉంది.

"వానికి చెప్పకే," అంది.

చెప్పలేదు. ఇది రాస్తానంటే మాత్రం ఒప్పుకుంది. "మాట్లాడని ఆడోళ్ళు సదువుతరేమో, రాయి," అంది. మా ఆయన పుస్తకాలు చదవడు. ఏనాడైనా చదివితే, ఆ సంగతి వాళ్ళమ్మతోనే తేల్చుకోనీ.

పక్కరోజు పొద్దున పట్టీలు తడిమాను. కొక్కేలన్నీ ఒక్కొక్కటీ లాగి చూసి "అయింది, పో," అన్నాను. ఆయన సంచి భుజాన వేసుకుని గడప దాటాడు. వాకిలి దాటి రోడ్డెక్కాడు.

"ఒరేయ్!"

మంచం మీద నుంచి మా అత్త. ఆ గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. ఎదురింటావిడ ఊడుస్తున్న చీపురు ఆపింది. మా ఆయన రోడ్డు మీద బిగుసుకుపోయి, తర్వాత పరుగున వెనక్కి వచ్చాడు.

"ఏందమ్మా? ఏమైంది?"

"ఏం కాలే."

"మరి ఎందుకు పిలిచినవ్?"

"తిరిగి చూస్తవా లేదా అని. చూసినవ్ గదా. ఇగ పో, పొద్దెక్కుతాంది."

ఆయనకేమీ అర్థం కాలేదు. అలవాటు ప్రకారం అరుగు మీద కూర్చోబోతూ నీళ్ళ కోసం నా వైపు చూశాడు.

"కూసునేదేం లేదు, నీళ్ళూ లేవు. జల్దీ పో," అంది మా అత్త.

వెళ్ళాడు. మా అత్త మంచం పట్టె పట్టుకుని, కనిపించీ కనిపించని కళ్ళతో అటే చూస్తూ కూర్చుంది. మలుపు తిరిగే ముందు ఆయన, ఈసారి ఎవరూ పిలవకుండానే, ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. "చూసిండా?" అని అడిగింది మా అత్త. చూశాడని చెప్పాను.